శీనయ్య ఇంటి వెనక తాటిమోడు

నిన్న తెల్లవారగానే మరదలు సరళ ఫోన్ చేసింది.
"వదినా, మీ తమ్ముడు లేయడంలేదు."

రాత్రి పిట్టల కౌంట్‌కి వెళ్లొచ్చి ఉంటాడు, కాసేపు పడుకోనీ అన్నాను.

హార్ట్ ఎటాక్. నిద్రలోనే పోయాడు.

మా సంగం నుంచి వాళ్ల మైపాడు దాకా బస్సులో ఏం చూశానో గుర్తు లేదు.

శీనయ్య మా అందరిలో చిన్నవాడు. పగలు ఆటోలో చేపలు నెల్లూరుకి తోలేవాడు. చలికాలం వస్తే పక్షుల సర్వేకి వాలంటీర్‌గా వెళ్లి, రాత్రి తిరిగే పిట్టల్ని లెక్కపెట్టేవాడు. చీకట్లో కనిపించవు కదా, అరుపు విని లెక్క.

ఒకసారి నన్నూ సరుగుడు తోపులోకి తీసుకెళ్లాడు. భయమేసి గోవింద నామాలు మొదలుపెట్టాను.

"అక్కా, గమ్మునుండు. మనసులో అనుకున్నా నీ గోవిందుడికి వినపడతాది. నాకు పిట్ట వినపడాల."

నవ్వొచ్చి నామాలే మర్చిపోయాను.

వాళ్ల దొడ్లో తల విరిగిన తాటిమోడు ఒకటి. దాని తొర్రలో గుడ్లగూబల జంట. అవి అరిస్తే ఇంట్లో మనిషి పోతాడని ఊళ్లో భయం. ఎవరెంత చెప్పినా వాడు మోడు కొట్టనివ్వలేదు. పిల్లల్ని చేశాయని మొన్ననే సంబరంగా ఫోన్ చేశాడు.

నిన్న వాడింకా వాకిట్లో ఉండగానే మాట లేచింది.
"ఇంట్లో పెట్టుకోని సాకినాడు. వాడినే తీసకపోయినాయి."

వాటి జోలికి పోవద్దయ్యా, వాడి ప్రాణం అవి, అని చేతులు జోడించాను. అందరూ తలూపారు.

సాయంత్రం శ్మశానం నుంచి వచ్చిన మగవాళ్లు స్నానానికి ముందే గొడ్డలి పట్టారు. నేను దొడ్లోకి వెళ్లేసరికి మోడు నేల మీద ఉంది.

"మన మంచికేలే అక్కా. పిల్లలుండే ఇల్లు," అన్నాడు చిన్నాన్న కొడుకు.

వాళ్లను తిట్టలేను. వాడి పాడె మోసింది ఆ భుజాలే.

తొర్రలో రెండు కూనలు. ఇంకా సరిగా ఈకలే రాలేదు. బతకలేదు.

చీకటి పడ్డాక పెద్దవి రెండూ వచ్చాయి. మోడు ఉండిన చోట గాల్లోనే తిరిగాయి. సరళ తలుపులు వేసేసింది.

అంటు కాబట్టి దీపం పెట్టకూడదు. ఇవాళ గడప బయటే కూర్చుని దండం పెట్టుకుంటున్నాను. ఏం అడగాలో తెలియడం లేదు.

కబురు అందరికీ చెప్పలేకపోయాం. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

వెళ్లిరా శీనయ్యా.
నీకూ, ఆ కూనలకూ ఆ స్వామి పాదాల దగ్గర ఇంత చోటు దొరకాలి నాయనా. అక్కడ మిమ్మల్ని ఎవరూ కదిలించకూడదు.