వదిన లాగిన సగం బరువు

బియ్యం బస్తా కింద పడింది మా వదిన చేతకానితనం వల్ల కాదు, నా వల్ల. చిక్కడపల్లిలోని మా అపార్ట్‌మెంట్ జనమంతా కింద పోగై అడిగినప్పుడే ఈ మాట చెప్పవలసింది. చెప్పలేదు.

నేను అశోక్‌నగర్‌లో సర్కారు కొలువుల పరీక్షలకు తయారయ్యే పిల్లలకు జనరల్ సైన్సు చెబుతాను. అంటే, ఏ పని ఎలా సులువవుతుందో చెప్పి జీతం తీసుకుంటాను. ఇంట్లో మాత్రం ఏ పనీ ముట్టుకోను. ఉండేది అన్నా వదినలతో, మూడో అంతస్తులో. వదిన వంట చేసి హాస్టళ్లకు క్యారియర్లు పంపుతుంది. అన్న జీతం అయిపోయిన చోటు నుంచి ఇంటిని నడిపేది ఆ క్యారియర్లే.

ఆ మధ్య లిఫ్టు చెడిపోయింది. బాగు చేయించే సంగతి అసోసియేషన్ చర్చకు పెట్టింది. మావాళ్ల చర్చలు వినలేక లిఫ్టే తనంతట తాను బాగవుతుందని మా నమ్మకం.

అప్పుడే ఒకరోజు గ్రైండరు జరపవలసి వచ్చింది. దాని అంచు కింద గడ్డపార దూర్చి, గడ్డపార కింద ఇటుక పెట్టి, అవతలి కొసను ఒంటి చేత్తో నొక్కాను. అంత గ్రైండరూ లేచింది. "మరిది సదువు ఇన్నేండ్లకు అక్కరకొచ్చింది," అంది వదిన. అది పొగడ్తే అనుకుని, ఉత్సాహంగా నారాయణగూడ వెళ్లి, బియ్యం బస్తాలు పైకి చేర్చడానికి ఒక గిలక కొనుక్కొచ్చాను.

దాన్ని బాల్కనీ పైకొక్కేనికి తగిలించి, తాడు వేసి, పాఠం చెప్పాను. "ఇగ సూడు వదినా, బరువు సగమైతది. ఇరవై అయిదు కిలోల బస్తా నీకు పన్నెండున్నరే."

బరువు సగం కావాలంటే బస్తాతోపాటు పైకి కదిలే ఇంకో గిలక కావాలి. పైన కదలకుండా ఉండే గిలక రవ్వంత బరువు కూడా తగ్గించదు; పైకి లాగవలసినదాన్ని కిందికి లాగనిస్తుంది, అంతే. బోర్డు మీద బొమ్మ గీసి మరీ నేను చెప్పే పాఠం ఇదే. క్లాసులో తప్పు చెబితే పిల్లలు పట్టుకుంటారు. ఇంట్లో ఆ బెడద లేదు.

సైన్సు ఎంత సులువో చూపించాలి కనుక తాడు వదిన చేతికిచ్చి, నేను చేతులు కట్టుకుని బాల్కనీలోనే ఆమె పక్కన నిలబడ్డాను. బస్తా రెండో అంతస్తు దాకా వచ్చింది.

"మరిదీ, మస్తు బరువున్నది. జర పట్టు."

"సగమే వదినా! గుంజు, గుంజు!"

తాడు జారింది. బస్తా వెళ్లి కింద ఆపిన అసోసియేషన్ సెక్రటరీగారి కొత్త కారు బానెట్ మీద కూర్చుంది. అది పడుతుంటేనే బోర్డు మీది బొమ్మ నా కళ్ల ముందు మెదిలింది. జ్ఞానం ఎప్పుడూ సమయానికే వస్తుంది.

"ఎవరు వదిలిండ్రు? కింద మనిషుంటే ఏం గావాలె?" అని, మేం కిందికి దిగేసరికి సెక్రటరీ అరిచాడు. అందరూ సైన్సు సారు వైపు చూశారు.

"మా వదిననే అన్నా. ఆడోళ్లు గదా, పట్టు దొరకలే," అన్నారు సైన్సు సారు.

తప్పు తనదే అన్నట్టు వదిన తోలు లేచిన అరచేతులను కొంగులో దాచుకుంది. ఆమెకు నా చదువు మీద అంత నమ్మకం.

ఆ నమ్మకం ఎంత దూరం పోయిందో తర్వాత తెలిసింది. ఒక మధ్యాహ్నం చిక్కుడుకాయలు ఒలుస్తూ అంది: "మరిదీ, సగం బరువు గూడ ఆపలేకపోయిన్నంటే నా చేతులకేమన్న రోగమా? నల్లకుంటల డాక్టర్‌కు సూపించుకుంట. వచ్చే నెల సంది క్యారియర్లు బంద్ అని హాస్టలోళ్లకు చెప్పిన."

నేను వెళ్లి ఆమె ఎదురుగా కూర్చున్నాను.

"నీ చేతులకేం కాలే వదినా. నువ్వు గుంజింది పూర్తి బరువే. గిలక నేనే తప్పు కట్టిన. తెలిసి గూడ నీ మీద పెట్టిన."

ఆమె చేతులు ఆగాయి. "అయితే రెండో అంతస్తు దాంక మొత్తం బస్తా నేనే గుంజిన్నా?"

"నువ్వే."

కాసేపు తన చేతులనే చూసుకుంది. తర్వాత ఫోన్ తీసి, బంద్ లేదని హాస్టల్‌కు చెప్పి, నా వైపు తిరిగింది. "నాకొక్కదానికి సెప్పుడు సులువే. అందరి ముంగట అన్నవు గదా, అందరి ముంగటనే సెప్పు."

ఆదివారం అసోసియేషన్ మీటింగులో లేచి నిలబడ్డాను. వదిన మెట్ల దగ్గర ఉంది. సెక్రటరీని చూస్తూ మొదలుపెట్టాను కానీ, ఆమె వైపు తిరగకుండా ముగించలేకపోయాను.

"అన్నా, బస్తా పడ్డది మా వదిన తప్పు గాదు. తప్పు కట్టింది నేను, అబద్ధం చెప్పింది నేను. అందరిల నిన్ను చేతగాని మనిషిని చేసిన. తప్పయింది వదినా, మాఫ్ చెయ్యి."