పిళ్ళైచావడి బస్సులో చదివిన కథ

ఆడవాళ్ళ పుస్తకాలా అని ఎవరైనా పెదవి విరిస్తే నాకు ఒళ్ళు మండుతుంది. వాదించను. పుస్తకం తెరిచి గట్టిగా చదువుతాను. ఈ అలవాటు ఇరవయ్యేళ్ళ కిందట పుదుచ్చేరిలో, పిళ్ళైచావడి వెళ్ళే బస్సులో అంటింది.

గోరిమేడులో ఎక్కిన పెద్దాయన నా చేతిలోని కథల పుస్తకం అడిగి తీసుకుని, రచయిత్రి పేరు చూసి తిరిగిచ్చేశాడు. "ఆడోళ్ళు రాసిందా? ఏముంటాది, వంటిల్లూ ఏడుపూ."

ఆయన పక్కనే ఉన్న భార్య భగ్గుమంది. "మా నాయన తెలుగు అచ్చరాలు మగపిల్లోళ్ళకు మట్టుమే నేర్పిచ్చినాడు. చదవనొచ్చిన మీ మొగోళ్ళు దీన్ని ముట్టరు. చదవాలనుండే మాకు రాదు. ఇంకెవురికోసరం రాసింది ఆయమ్మ?" నా వైపు తిరిగింది. "నువ్వు చదువు పాపా, గట్టిగా."

చదివాను.

"మెల్లగా! అందరూ వింటా ఉండారు," అన్నాడాయన.

"విననీ," అందామె. "ఇన్నాళ్ళు విన్లేదు గదా."