షహీద్ అని రాయకు

సికింద్రాబాద్ స్టేషన్ వెయిటింగ్ హాల్లో నా పక్కన ఒక ముసలాయన, ఆయన మనవరాలు కూర్చున్నారు. మౌలాలి వాళ్లట. పిల్ల బడిలో విన్నది హుషారుగా చెబుతోంది.

"దాదా, జపాన్‌ల బాంబు పడ్డ బిల్డింగును గట్లనే ఉంచిన్రంట. జర్మనీల అయితే వాళ్ల పెద్దోళ్లు జుల్మ్ చేసిన జాగకే టీచర్లు పిల్లల్ని తీస్కపోయి చూపిస్తరంట. సిగ్గు, షరమ్ కాదా?"

"అయితది. అయినా చూపిస్తరు. గొప్పోళ్లు," అన్నాడాయన.

"మమ్మల్ని సుత ఇంటి చరిత్ర రాయమన్నరు. మీ అబ్బా పోలీస్ యాక్షన్ల షహీద్ అయిండు గద, అదే రాస్తా."

ఆయన టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"షహీద్ అని రాయకు బేటా. ఆయన రజాకార్లల ఉండె. ఒక ఊర్ల ఇండ్లు తగలవెట్టిన్రు. ఆయన సుత వెట్టిండు."

"మరి ఆయన్ను చంపుడు తప్పు కాదా?" అంది పిల్ల.

"అది సుత తప్పే. చేతులు కట్టేసి చంపిన్రు. రెండూ రాయి. ఒక్కటే రాస్తే అబద్ధమైతది."

"మరి ఆయన్ను ఏమని రాయాలె?"

"మా దాదా వాళ్ల అబ్బా అని రాయి. చాలు."

దేవుడు తాను ప్రేమించిన దావీదు రాజు పాపాన్ని కూడా తన వాక్యమైన బైబిల్లో దాచలేదని నేను చిన్ననాటి నుంచి చదువుతున్నాను. కన్నతండ్రి గురించి ఒక కొడుకు అలా చెప్పగా వినడం మాత్రం అదే మొదటిసారి.

ఇప్పుడు నేను చెప్పే సండే స్కూల్లో దావీదు పాఠం వచ్చినప్పుడల్లా, అతను చంపించిన తన సైనికుడు ఊరియా పేరు పిల్లల చేత గట్టిగా పలికిస్తాను.