హీరో చెయ్యి కింద ఒక ముఖం: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చిత్రోత్సవ ప్రయాణం

మీరు చప్పట్లు కొట్టారు. ఈ మధ్య నగరంలో ఆ పాత సినిమాను శుభ్రం చేసి, కొత్త వెడల్పు తెరకు సరిపోయేలా తయారుచేసి ప్రదర్శించినప్పుడు, ఇప్పుడు ముసలివాడైన హీరో వేదిక ఎక్కినప్పుడు, మీరు లేచి నిలబడి మరీ కొట్టారు. పాత సినిమాను వెడల్పు తెరకు సరిపెట్టడమంటే బొమ్మను పైనా కిందా కోయడమని మీలో ఒక్కరికీ తట్టలేదు. పైన జెండాల కొసలు పోయాయి. కింద జనం ముఖాలు పోయాయి. హీరో ఎప్పుడూ నడిమధ్యలో ఉంటాడు కాబట్టి ఏ కత్తెరకూ దొరకడు. పోయిన ఆ ముఖాల్లో ఒకటి ఎవరిదో నాకు తెలుసు.

ఇప్పుడు అదే సినిమాను, అదే హీరోను వెంటబెట్టుకుని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో మళ్లీ తిప్పుతారట. ఎలా వెళ్లాలి, ఎక్కడ తినాలి, హీరోతో ఫొటోకు వీలవుతుందా అని నాకు రాస్తున్నారు. చెబుతాను. ఈ సినిమాను ఆ ఊళ్లలో మొదటిసారి తిప్పినప్పుడు నేను వెళ్లిన దారే చెబుతాను. అది నక్సలైట్ల కాలం. సాయంత్రమైతే రోడ్లు ఖాళీ అయ్యేవి, రాత్రి బస్సులు ఉండేవి కావు. అందుకే ఆ ఉత్సవంలో ఆటలన్నీ పట్టపగలే వేశారు. ఒక ప్రింటు, ఒక ప్రొజెక్టరు, ఒక హీరో, మూడు రోజులు, మూడు ఊళ్లు. ప్రజల సినిమా ప్రజల దగ్గరికి అని గోడల మీద రాశారు. మరి ప్రజల సినిమాకు హీరో ఎందుకయ్యా అని నిర్వాహకుడితో పోట్లాడాను. ఆయన లెక్చరర్, నాకు మిత్రుడు. "హీరో రాకపోతే ప్రజలు రారు. నువ్వు వచ్చి చూడు, చూసి తిట్టు" అన్నాడు. నేను అప్పట్లో ఒక చిన్న పత్రికకు రాసేవాణ్ని. తిట్టడానికే బయలుదేరాను.

కరీంనగర్‌లో పొద్దున్నే బస్సు ఎక్కితే జగిత్యాలకు గంటన్నర లోపు ప్రయాణం. కానీ జగిత్యాల చేరకముందే, మల్యాల క్రాస్ రోడ్డు దగ్గర అందరినీ దింపి సోదా చేశారు. నా సంచీలో వామపక్ష పత్రికలున్నాయి. వాటిని సీటు కిందికి తోస్తుంటే కండక్టరు చూశాడు. "సారూ, దాయకు. చేతిల వట్టుకొని దిగు. దాస్తెనే అనుమానం" అన్నాడు. ఆ మూడు రోజుల్లో నాకు దొరికిన తెలివైన సలహా అదే. దాని విలువ మాత్రం మూడో రోజుకు గానీ తెలియలేదు.

జగిత్యాలలో ఒక ఫంక్షన్ హాలు కిటికీలకు దుప్పట్లు కట్టి చీకటి చేశారు. ముందు వరుసలో, తెరకు పక్కగా, హీరోకు ఎర్ర ముఖమల్ కుర్చీ. దుప్పటి సందులోంచి పడిన ఎండ సరిగ్గా ఆయన చెంప మీదే. ఇంకేం, జనం తెరను చూడలేదు, కుర్చీని చూశారు. తెర మీద ఆయన కూలీల నాయకుడు, జొన్న రొట్టె తింటున్నాడు. కుర్చీలో ఆయన నిజంగా జీడిపప్పు తింటున్నాడు. జనానికి జీడిపప్పే ఆసక్తిగా ఉంది.

సినిమాలో ఒక ఊరేగింపు దృశ్యం వస్తుంది. కోనరావుపేట వైపు ఎక్కడో తీశారు. సిరిసిల్లలో సాంచెలు నడిపే కార్మికులను, అంటే మరమగ్గాల మీద పనిచేసేవాళ్లను, లారీల్లో తీసుకుపోయి జనంగా నిలబెట్టారు. జెండాలు ఊగుతుంటాయి, హీరో భుజం తెరంతా నిండి ఉంటుంది. ఆయన పిడికిలి ఎత్తగానే ఆ చెయ్యి కింద, తెర అడుగు అంచున, పొట్టిగా ఉన్న ఒక మనిషి కనిపిస్తాడు. కెమెరా వైపు చూడొద్దని ఎంత చెప్పినా సూటిగా కెమెరాలోకే చూస్తాడు. ఒక నవ్వు. అంతలో చెయ్యి దిగుతుంది, ముఖం మాయం. దర్శకుడి నిర్లక్ష్యం అని నేను అక్కడికక్కడే రాసుకున్నాను.

సరిగ్గా అప్పుడే నా ముందు చాప మీద కూర్చున్న ఒక ఆడమనిషి, పక్కనున్న ఏడేళ్ల పిల్ల గడ్డం పట్టుకుని తెర వైపు తిప్పింది. పిల్ల కళ్లు కుర్చీలోని హీరో మీదే ఉన్నాయి. దృశ్యం అయిపోయింది. తల్లి పిల్ల వీపు మీద ఒకటి చరిచింది. "చూడుమంటె చూడవేందే?" పిల్ల ఏడుస్తూ, "చూసిన గదనే, గా కుర్సీల ఉన్నడు గద!" అంది. చుట్టూ అందరూ నవ్వారు. నిర్వాహక మిత్రుడు నన్ను మోచేత్తో పొడిచి, "హీరో అంటే ఎంత పిచ్చో చూసినవా?" అన్నాడు. నాకూ అలాగే అనిపించింది.

మర్నాడు కోరుట్ల బస్సులో ఆ తల్లీబిడ్డలు మళ్లీ కనిపించారు. జగిత్యాల నుంచి కోరుట్లకు ఎంతో దూరం లేదు, ముప్పావు గంట చాలు. ఆమె పేరు నర్సవ్వ. కోరుట్ల పక్క పల్లెలో బీడీలు చుడుతుంది. కూతురు సుజాత. వెనక సీట్లోని మరో బీడీ కార్మికురాలు ఊరుకోలేదు. "ఓ నర్సక్కా, మూడొద్దులు బీడీలు జేయకుంటె ఏం తింటరే తల్లీబిడ్డలు?"

"గంజి తాగుతం."

"గంజెందుకే, హీరో మొఖం జూస్తె కడుపు నిండదా?"

బస్సంతా నవ్వింది. నర్సవ్వ కూడా నవ్వింది. తర్వాత నా వైపు తిరిగి మెల్లగా అడిగింది: "సారూ, కోరుట్లల సినిమ మొత్తం ఏస్తరా, నడుమ కోస్తరా?" మొత్తం వేస్తారు అన్నాను. నాకేం తెలుసు!

కోరుట్లలో బస్టాండు దగ్గర ఒక మెస్‌లో తిన్నాను. ఇంటికొకరు గల్ఫ్‌లో ఉండే ఊరు. వంటాయన తమ్ముడు కూడా అక్కడే వంట చేస్తాడట. మన వంటాయన మాత్రం మంచి కోపం మీదున్నాడు. "హీరో అస్తుండని పొద్దుగాల్నే లేసి మటన్ బిర్యాని జేసిన సారూ. ఆయన పెరుగన్నం దిని పోయిండు. నువ్వన్న తిను." తిన్నాను. బాగుంది. హీరోల వెంట తిరిగితే వచ్చే నికరమైన లాభం ఇదొక్కటే.

ఆ మధ్యాహ్నం సినిమా సగంలో ఉండగా లైట్లు వేసేశారు. శాలువాలు. ఊళ్లో పెద్దమనుషులంతా ఒక్కొక్కరే వచ్చి కప్పారు, ఒక్కొక్కరే మాట్లాడారు. శ్రమజీవుల గురించి మాట్లాడుతున్నవాళ్ల వెనక శ్రమజీవుల సినిమా ఆగిపోయి ఉంది. ఇంతలో ఒక పోలీసు అధికారి వచ్చి, చీకటి పడకముందే హీరో ఊరు దాటాలని చెప్పాడు. దాంతో ఒక రీలు వదిలేసి చివరి రీలు వేశారు. వదిలేసింది ఊరేగింపు ఉన్న రీలే.

హాలు ఖాళీ అవుతుంటే నర్సవ్వ నిర్వాహకుణ్ని పట్టుకుంది. "జెండాల సీను ఎందుకెయ్యలే సారూ?"

"హీరోనే ఎదురుంగ చూసినవు గదమ్మా. ఇంక తెర మీద ఎందుకు?"

"నేను తెర మీదనే చూడాలె."

ఆయన విసుక్కుని వెళ్లిపోయాడు. నేను మాత్రం ఆ మాట దగ్గర ఆగిపోయాను. హీరో పిచ్చి ఉన్న మనిషి హీరోను వదిలేసి బొమ్మ కోసం ఎందుకు కొట్లాడుతుంది?

మూడో రోజు సిరిసిల్ల. కోరుట్ల నుంచి కథలాపూర్, రుద్రంగి, వేములవాడ మీదుగా రెండున్నర గంటలు పట్టింది. దారిలో రెండు చోట్ల దించారు, ఎక్కించారు. సాయంత్రం తిరుగు బస్సు ఉందా అని డ్రైవర్ని అడిగితే, "పొద్దుగూకకముందే బండి డిపోల వెట్టాలె. నాకు హీరో లేడు, అన్నలు లేరు, పోలీసులు లేరు. నాకు డిపో మేనేజరే" అన్నాడు.

సిరిసిల్లలో సాంచెల చప్పుడు వీధి మలుపు నుంచే వినిపిస్తుంది. ఆ పూట పని మానుకుని వచ్చిన కార్మికులతో హాలు నిండిపోయింది. దూది నూగు ఇంకా తలల మీదే ఉంది. హీరో కారు దిగగానే అందరికంటే ముందు నర్సవ్వ ఎదురు నిలబడింది.

"సారూ, జెండాల సీనుల నువ్వు జరంత పక్కకు జరుగుంటె బాగుండు."

చుట్టూ పకపకా నవ్వులు. హీరో కూడా నవ్వాడు. "ఏమ్మా, నేను బాగోలేనా?"

"బాగనే ఉన్నవు. మస్తున్నవు. గని తెరంత నువ్వే ఉన్నవు. ఎనకోళ్లు అవుపడుతలేరు."

"నేనేం చేయనమ్మా, నిలబెట్టిన చోట నిలబడతాను. కెమెరా నా చేతిలో ఉంటుందా?"

"శాలువ నీ చేతులనే ఉంటది గద? సినిమ అయినంకనే కప్పుమను. నడుమ ఆపనియ్యకు."

ఆయన నిర్వాహకుడి వైపు తిరిగి, "ఈవిడ చెప్పినట్టే చేయండి" అన్నాడు. నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను: ఆ మూడు రోజుల్లో ఆయన చేసిన పనుల్లో నాకు నచ్చింది ఇదొక్కటే.

సినిమా ఆగలేదు. ఊరేగింపు వచ్చింది. పిడికిలి లేచింది. ఆ చెయ్యి కింద, అడుగు అంచున, ఆ పొట్టి మనిషి కెమెరాలోకి చూసి నవ్వాడు. హాల్లో ఎడమవైపు కూర్చున్న కార్మికులు ఒక్కసారిగా మోకాళ్ల మీద లేచి ముందుకు వంగారు. చెయ్యి దిగింది. అప్పుడు అక్కడి నుంచే ఒక గొంతు లేచింది.

"వన్స్ మోర్!"

ఇంకో గొంతు. ఇంకో పది. "హీరో జిందాబాద్! అన్న పిడికిలి మళ్ల జూపియ్యాలె! వన్స్ మోర్!" ఈలలు, చప్పట్లు. హీరో ఉబ్బితబ్బిబ్బై లేచి దండం పెట్టాడు. పక్కనున్న పోలీసు అధికారి కూడా నవ్వుతూ చప్పట్లు కొట్టాడు. ఆపరేటరు రీలు వెనక్కి తిప్పి మళ్లీ వేశాడు. మళ్లీ పిడికిలి, మళ్లీ ముఖం. ఈసారి నేను తెరను చూడలేదు, సుజాతను చూశాను. పిల్ల రెప్ప వేయలేదు.

నా సామాను కోరుట్లలోనే ఉంది కాబట్టి నేనూ వాళ్లెక్కిన తిరుగు బస్సే ఎక్కాను. వేములవాడ దాటాక సుజాత తల్లి చెవిలో చెప్పబోయి పైకే అనేసింది: "అవ్వా, నాయిన నన్నే చూసిండే!" నర్సవ్వ చప్పున బిడ్డ నోరు మూసింది. ముందు సీట్లో నేనున్నానని అప్పుడు గమనించింది. రుద్రంగి దగ్గర బస్సు ఆగినప్పుడు వంగి, "సారూ, నువ్వు రాసెటోనివంట గద. ఇది రాయకు" అంది. రాయనన్నాను. అప్పుడు చెప్పింది.

ఆ పొట్టి మనిషి ఆమె భర్త రాజేశం. సిరిసిల్లలో సాంచెలు నడిపేవాడు. షూటింగ్ తర్వాత కొన్నాళ్లకు లోపలికి, అంటే అడవిలోకి అన్నల దగ్గరికి వెళ్లిపోయాడు. అప్పటికి సుజాత కడుపులో ఉంది. పోలీసుల దగ్గర అతని ఫొటో లేదు. దొరకకూడదని పెళ్లి ఫొటోను నర్సవ్వే పొయ్యిలో వేసింది. లోకంలో అతని బొమ్మ మిగిలింది హీరో చెయ్యి కిందే. వేలు పెట్టి చూపిస్తే బిడ్డకు తండ్రి దొరుకుతాడు, పోలీసులకూ దొరుకుతాడు. అందుకే హీరో పిచ్చిదని ఊరంతా నవ్వినా నవ్వనిచ్చింది. సిరిసిల్ల హాల్లో అతన్ని గుర్తుపట్టిన తోటి కార్మికులు కూడా హీరో పేరు చాటునే అతన్ని పిలిచారు. దాస్తేనే అనుమానమని కండక్టరు చెప్పింది ఇదే.

రాజేశం తిరిగి రాలేదు. ఇక దాచడానికి ఏమీ లేదు. నగరంలో కొత్త ప్రింటు చూసి వచ్చిన రాత్రి సుజాత నాకు ఫోన్ చేసింది. ఇప్పుడు ఆమెకు ఆ సినిమాలో తన తండ్రికి ఉన్న వయసును మించిన వయసు. "సారూ, మా నాయిన్ను కోసిండ్రు" అంది. నర్సవ్వను అడిగితే "ఇగ రాయి" అంది.

చిత్రోత్సవాలకు వెళ్లొద్దని నేను అనడం లేదు. పెద్ద తెర మీద, నలుగురి మధ్య చూసే సినిమాకు సాటి లేదు. కానీ కుర్చీ మీద పడే ఎండను చూడటానికి అంత దూరం పోనక్కర్లేదు. తెర మీద ప్రతి హీరో వెనకా ఎవరో పని మానుకుని లారీ ఎక్కి వచ్చి నిలబడి ఉంటారు. వాళ్లకోసం హాల్లో ఎవరైనా వచ్చి కూర్చుని ఉండొచ్చు. మీ పక్కనే, చాప మీద. పనికొచ్చే సలహా ఒకటి: కోరుట్ల నుంచి సిరిసిల్లకు నేరుగా వెళ్లే బస్సు దొరక్కపోతే వేములవాడలో మారండి, ఆట మొదలు కాకముందే చేరండి. ముందు, నేల మీద కూర్చోండి. తెర అడుగు అంచు అక్కడి నుంచే బాగా కనిపిస్తుంది.

నిర్వాహకులకు, మీకు, హీరో గారికి నా డిమాండ్లు ఇవి:

పాత సినిమాను దాని పాత కొలతలోనే, పైనా కిందా కోయకుండా వెయ్యాలి.

ఆట నడుస్తుండగా శాలువాలు కప్పకూడదు. రీళ్లు వదిలెయ్యకూడదు.

జనంగా నిలబడినవాళ్ల పేర్లు కోనరావుపేటలో, సిరిసిల్లలో అడిగి తెలుసుకుని తెర మీద వెయ్యాలి.

కోయని ప్రింటులోంచి ఆ ఒక్క బొమ్మ తీసి సుజాత చేతికి ఇవ్వాలి.

వేదిక మీద హీరో గారు జరంత పక్కకు జరగాలి.