ఖాసిం చిచ్చా దట్టీ

చూపు మందగించి లింగవ్వకు సూదిలో దారం ఎక్కదు. పక్కింటి రజియా పొద్దున్నే నీళ్లకు పోతూ, అడక్కుండానే నాలుగు సూదులకు దారాలెక్కించి గుడ్డకు గుచ్చి పోతుంది. ఆ సూదులతోనే లింగవ్వ ఏటా పీర్ల పండుగకు దట్టీ కుడుతుంది. పచ్చటి బట్ట, అంచున ఎర్రదారంతో జొన్నకంకులు. రజియా తాత ఖాసిం బతికున్నప్పుడు ఎత్తిన పీరుకు కట్టేది ఆ దట్టీనే. కొమురెల్లి మల్లన్నకు ఎంత మొక్కుతుందో ఆ పీరుకూ అంతే మొక్కుతుంది లింగవ్వ.

రజాకార్ల కాలంలో ఆమె తండ్రి దొరలను ఎదిరించే సంఘంలో తిరిగేవాడు. రజాకార్లు ఊరి మీద పడ్డ రోజు దూదేకుల ఖాసిం, ఆమె తల్లినీ చిన్నపిల్లైన లింగవ్వనూ దూది కుప్పలో దాచి, పక్కనే కూర్చుని దూదేకే విల్లు మీటుతూ ఉన్నాడు. "తుమ్మొస్తే పానం పోతదని చిచ్చా మా ముక్కులకు తడిగుడ్డలు కట్టిండు" అని ఇప్పటికీ చెబుతుంది. తండ్రిని మాత్రం దొర గుమాస్తా పట్టించాడు. వాగు ఒడ్డున కాల్చేశారు.

బడిపంతులు పరశురాములు ఇదంతా ఆమె నోట విని పుస్తకం రాశాడు. ఆయన పోయాక, దాన్ని సినిమా తీస్తున్నామంటూ రంజిత్ అనే పిల్లగాడు వచ్చాడు.

"అమ్మా, ఖాసిం వేషం కట్టేటాయనకు గుర్తుగ ఏదన్న ఇయ్యరాదూ?"

చిచ్చాను తెర మీద చూస్తానన్న సంబురంతో లింగవ్వ కొత్త దట్టీ కుట్టింది. రజియా దారాలెక్కిస్తూ నవ్వింది. "మా తాతకు గింత షోకెక్కడిదవ్వా?"

"నడుముకు దట్టి కడితే సర్దార్ లెక్కుంటుండె. నీకేమెరుక!"

జమ్మికుంట టాకీసుకు ఊరు ఊరంతా ఆటోల్లో పోయింది. తెర మీద జొన్నకంకులు కనబడగానే లింగవ్వ రజియా చెయ్యి పట్టుకుంది. ఆ దట్టీ కట్టుకున్న మనిషి రజాకార్ల ముందు వంగి, వాగు దిక్కు వేలు చూపించాడు.

సినిమాలో పేరు వేరే. కానీ ఆ అంచు ఊళ్లో ఎవరికి తెలియదు?

"గది ఖాసిం దట్టి గాదుర?" అన్నారెవరో వెనక నుంచి.

"అబద్ధం! మా బాపును పట్టిచ్చింది గుమాస్తా!" లింగవ్వ లేచి అరిచింది. తుపాకుల మోతలో ఎవరికీ వినబడలేదు.

"కూసో ముసలవ్వా, తెర కనవడ్తలే."

రజియా చెయ్యి ఎప్పుడు జారిపోయిందో లింగవ్వకు తెలియలేదు.

మర్నాడు రంజిత్ ఫోన్లో గొంతు తగ్గించి చెప్పాడు. "గుమాస్తా మనుమలు ఇప్పుడు లీడర్లమ్మా. వాళ్ల తాతను చూపిస్తే సినిమానే ఆపుతరు. ద్రోహి ఒకడు గావాలె గదా, ఖాసింది, గుమాస్తాది రెండు వేషాలు ఒక్కటి చేసిండ్రు. నా చేతుల లేదు."

"ఖాసింకు ఎవ్వరు లేరనుకున్నరా బిడ్డా?"



పీర్ల పండుగ దగ్గరపడింది. లింగవ్వ పచ్చబట్ట పరుచుకుని కూర్చుంది. రజియా వచ్చింది. ఎప్పటిలాగే సూదులకు దారాలెక్కించింది. పోబోతూ గడపలో ఆగింది.

"అవ్వా, గీసారి కంకులు కుట్టకు. పోరగాండ్లు దగాకోరు దట్టి అంటుండ్రు. ఉత్త పచ్చబట్టనే కడతం. నీ మీద కోపం లేదవ్వా."

"కంకి లేకుంటె, గది నేను కుట్టిందని చిచ్చాకు ఎట్లెరుకయితది బిడ్డా?"

రజియా వెనక్కి వచ్చి, తన చున్నీతో ఆమె కళ్లు తుడిచి, గ్లాసుడు నీళ్లు చేతికిచ్చి వెళ్లిపోయింది.

లింగవ్వ సూదిలోంచి ఎర్రదారం లాగేసింది. ఆ ఏడు దట్టీ అంచును పచ్చదారంతోనే మడిచి కుట్టింది, కుట్టు ఎవరికీ కనబడకుండా.