ఊపిరి ఆడని ఊళ్లో బూరుల్

బూరుల్ కిర్గిజ్‌స్తాన్ రాజధాని బిష్కెక్‌లో ఇరవై రెండేళ్లు ట్రాలీబస్సు నడిపింది. మనిషి సన్నగా ఉండేది గానీ గొంతు మాత్రం వీధి చివరిదాకా వినిపించేది. టికెట్టు ఎగ్గొట్టే కుర్రాళ్లని అద్దంలో చూసి, "బూట్లకి డబ్బులున్నాయి గానీ నా బస్సుకి లేవురా నీ దగ్గర?" అంటే బస్సంతా గొల్లున నవ్వేది.

చలి మొదలైతే ఊరు ఊరంతా బొగ్గు రాజేస్తుంది. ఆ పొగలో, దక్షిణాన మంచుకొండలు ఉన్నాయన్న సంగతే జనం మరిచిపోతారు. ఊరి అంచున బూరుల్ వాళ్ల కాలనీకి గ్యాసు పైపు ఇంకా రాలేదు. ఇంటింటికీ బొగ్గు పొయ్యే. పొద్దున్నే ఆమె ఉమ్మితే నల్లగా పడేది. మూడు చలికాలాలుగా తలనొప్పి వదలడం లేదు.

కాలనీ ఆసుపత్రిలో డాక్టరు గుల్‌సారా బీపీ చూసి మొహం ముడుచుకుంది.

"గాలి బాగాలేని రోజుల్లో బయట తిరక్కండక్కా. ఈ పొగ ఊపిరితిత్తుల్లోనే ఆగిపోదు, రక్తంలో కలుస్తుంది. మెదడుకి వెళ్లే రక్తనాళం మూసుకుపోవచ్చు."

"నేను తిరక్కపోతే బస్సు నువ్వు నడుపుతావా తల్లీ?"

"పోనీ, సెలవు పెట్టి ఇంట్లో ఉండండి."

"ఇంట్లో పొయ్యి ఉందిగా!"

డాక్టరు మాత్రలు రాసిచ్చింది. బూరుల్ ఒక్క పూట కూడా మానకుండా వేసుకుంది.

జనవరిలో ఒక ఉదయం, ఎదుటి కారు కూడా కనిపించనంత పొగలో, ఆమె కుడిచెయ్యి స్టీరింగు మీద నుంచి జారిపోయింది. చలికి మొద్దుబారిందనుకుంది. తర్వాతి స్టాపు పేరు చెప్పబోతే నోట్లోంచి ఏదో ముద్దగా వచ్చింది. ఎలాగో బ్రేకు తొక్కి, ఎడమచేత్తో తలుపులు తెరిచింది.

"తాగొచ్చినట్టుంది!" అన్నాడు వెనక నుంచి ఎవడో.

"పొద్దున్నే! అదీ ఆడమనిషి!"

ఆమెకి అన్నీ వినిపిస్తున్నాయి. జవాబు చెప్పాలని ఉంది, నోరు కదలడం లేదు.

"నోర్ముయ్యండి! ఆవిడ మూతి చూడండి, ఒక పక్కకి వాలిపోయింది," అని రోజూ అదే బస్సెక్కే షాకెన్ అవ్వ అరిచింది. "అంబులెన్సుకి ఫోన్ చెయ్యండ్రా!"

అంబులెన్సు ముప్పావుగంటకి వచ్చింది. మొదటి ఆసుపత్రిలో స్కానింగ్ యంత్రం పాడైంది. రెండోదానికి చేరి, వరుసలో వంతు వచ్చేసరికి గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే సూది వేసే సమయం దాటిపోయింది. ఆ మాట అక్కడి డాక్టరు వరండాలో ఆమె భర్త ఎసెన్‌కి చెబుతుంటే, గుమ్మం పక్క మంచం మీద బూరుల్ వింది.

ఇంటికి తెచ్చారు. కుడివైపు ఆసరా లేకుండా కదలదు. మాటల్లో ఒక్కటే మిగిలింది: "అదే." నీళ్లు కావాలన్నా అదే, దిండు సర్దమన్నా అదే, ఏడుపొచ్చినా అదే.

ఒకరోజు ఎడమచేత్తో కిటికీ చూపించి, "అదే! అదే!" అంది.

"గాలి కావాలా? ఉండు," అని ఎసెన్ రెక్క తెరిచాడు. పక్కింటి పొగగొట్టంలోంచి వచ్చే పొగంతా లోపలికొచ్చింది. ఆమె దగ్గి దగ్గి నీలంగా మారితే మూసేశాడు.

గ్యాసు పైపు కోసం అతను ఆ వేసవిలో ఆఫీసుకి నాలుగుసార్లు వెళ్లాడు. "వచ్చే ఏడు," అన్నారు. తొమ్మిదేళ్లుగా అదే మాట. ఇనప పొయ్యిలు వెల్డింగ్ చేసి బతికిన చేతులవి. పొగ తగ్గుతుందేమోనని తమ పొయ్యి పొగగొట్టం పొడుగు పెంచాడు. ఏమీ తగ్గలేదు.

నవంబరులో పక్షవాతం రెండోసారి వచ్చింది. ఈసారి మింగడం పోయింది, ఆ ఒక్క మాటా పోయింది.

గుల్‌సారా ఇంటికొచ్చి చూసింది. బూరుల్ కళ్లు ఆమె మొహం మీదే నిలిచాయి.

"ఏం చెయ్యమంటావమ్మా?" అన్నాడు ఎసెన్.

"ముక్కులోంచి గొట్టం వేశాను. దాంట్లో పల్చగా జావ పొయ్యండి. పక్కకి తిప్పుతూ ఉండండి, పుళ్లు పడకుండా."

"బాగవుతుందా?"

"లేదన్నా."

ఎసెన్ పాలు కలిపిన టీ ఇచ్చాడు. డాక్టరు నిలబడే తాగి, దగ్గుకుంటూ సంచి భుజాన వేసుకుంది. ఆ వీధిలో ఇలాంటి వాళ్లు ఇంకా ముగ్గురున్నారు.