రెండో చరణంలో ఆగే చోటు

మా వదిన పని స్కూలు యూనిఫారాలు కుట్టడం. చర్చిలో మాత్రం అందరూ ఆమెను పాటమ్మ అంటారు. మాకు వాద్యాలేవీ లేవు. ఇరవై రెండేళ్లుగా ప్రతి ఆదివారం మొదటి పాదం ఆమె ఒక్కతే ఎత్తుకుంటుంది, మేమంతా అందుకుంటాం. ఆమె శ్రుతి పెంచితే అరుస్తాం, తగ్గిస్తే గొణుగుతాం. మాకు బుర్ర లేదని కాదు, వాడే అవసరం రాలేదు.

ఆరాధన మొదలుపెట్టే పాటనే చూడండి. కూతురు కడుపులో ఉన్నప్పుడు, ఎనిమిదో నెలలో, రెండో చరణం మధ్యలో వదినకు ఊపిరి చాలలేదు. ఆగి, రెండుసార్లు గాలి పీల్చుకుని మళ్లీ అందుకుంది. ఆమెతోపాటు మేమూ ఆగాం. తరువాతి వారం ఆమె ఆగలేదు, మేం ఆగాం! చివరికి ఆమే దారికొచ్చింది. కొత్తగా చేరినవాళ్లకు అది భక్తితో ఆగే చోటని నేర్పుతున్నాం.

కిందటేడు మా అన్నయ్య గుండెపోటుతో పోయాడు. భూస్థాపన రోజు పాస్టరుగారు కాసేపు నీళ్లు నమిలి, చివరికి అడిగేశారు: "అమ్మా, మీరు ఎత్తుకోకపోతే ఎవరూ పాడలేరు." వదిన మొగుడి శవపేటిక పక్కన నిలబడి మూడు పాటలు పాడింది. పాడుతూ ఏడవడం కుదరదు. ఆమె పాడింది, మేం ఏడ్చాం.

ఒకరోజు మిషను ఆపి నాతో అంది: "వెనక బెంచీలో కూర్చుని, కళ్లు మూసుకుని, ఒక్కసారి తనివితీరా ఏడవాలనుంది. ఇంట్లో ఏడుస్తూనే ఉన్నాలే. కానీ మా పెళ్లి ఆ చర్చిలోనే అయింది, ఆయన్ని చివరిసారి చూసిందీ అక్కడే. అక్కడ ఏడవాలి నేను."

పిల్లి మెడలో గంట కట్టే పని నేనే నెత్తికెత్తుకున్నాను. పాస్టరుగారు నా మాట సగంలోనే ఆపి, దేవుడిచ్చిన గొంతును దాచిపెట్టకూడదంటూ వదినను మునగచెట్టెక్కించే కబురు నాతోనే పంపారు. వదిన విని, సూదిలో దారం ఎక్కించుకుంది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

ఇంతలో పాస్టరుగారి అల్లుడు కీబోర్డు తెచ్చాడు. మీట నొక్కితే దరువు దానంతటదే మోగుతుంది. "వచ్చే ఆదివారం మీరు హాయిగా కూర్చోండమ్మా" అన్నారు పాస్టరుగారు. వదిన ఆ వారమంతా ఎన్నాళ్లకో నవ్వుతూ కనిపించింది.

ఆదివారం చివరి బెంచీలో నా పక్కన కూర్చుని కళ్లు మూసుకుంది. మొదటి చరణం బాగానే సాగింది. ఆమె భుజాలు కదలడం మొదలైంది. హమ్మయ్య, ఏడవనీ అనుకున్నాను.

రెండో చరణంలో, అలవాటైన చోట అందరం ఆగాం. కీబోర్డు ఆగలేదు. సగం మంది దాని వెంట పరిగెత్తారు, సగం మంది అక్కడే ఉండిపోయారు. అల్లుడు కంగారులో ఏదో నొక్కాడు, దరువు రెట్టింపయింది. ఇంకేదో నొక్కితే మొత్తం ఆగిపోయింది. తలలన్నీ వెనక్కి తిరిగాయి. ఆమె పక్కనే కూర్చున్న నేనూ ఆమె వైపే తిరిగాను. అది తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"అమ్మా, కాస్త అందించండి" అన్నారు పాస్టరుగారు.

వదిన తడి మొహంతోనే లేచి, చరణం మొదటినుంచి ఎత్తుకుంది. ఆగే చోట ఆగింది. గాలి పీల్చుకోబోతే పెద్ద వెక్కు వచ్చింది. అందరం బుద్ధిగా ఎదురుచూశాం. ఆమె దాన్ని మింగి, పాట పూర్తి చేసింది.

మరుసటి ఆదివారానికి కీబోర్డు మీద దుప్పటి కప్పి ఉంది. వదిన మళ్లీ ముందు నిలబడింది. రెండో చరణంలో ఆగి, ఎప్పటిలాగే రెండుసార్లు గాలి పీల్చుకుని అందుకుంది. ఆమె గొంతు ఒక్కటే వినిపించింది. మేమింకా ఆగే ఉన్నాం, సరిగ్గా ఒక వెక్కు పట్టేంతసేపు.

వదిన మా అందరి వైపూ చూసింది. నోరు మూసుకుని, మాతోపాటు ఆగింది.